మేకులు పీకిన కమ్మరి

ఇలా రా బంగారం, నా పక్కన పడుకో. దుప్పటి మెడదాకా లాక్కో. ఊ కొట్టడం మాత్రం మానకు. నువ్వు ఊ కొట్టకపోతే నా కథ నడవదు.

అనగనగా సముద్రం అంచున, ఉప్పుగాలి వీచే చోట ఒక ఊరు. దాని పేరు గవ్వలరేవు. మా అమ్మమ్మ చిన్నప్పటి ఊరు అది. అప్పటికింకా అక్కడికి రైలు రాలేదు. పొగ ఓడలు మాత్రం వచ్చేవి.

రేవుకి ఎదురుగా ఒక వీధి ఉండేది. ఊరంతటికీ కావలసినవన్నీ ఆ వీధిలోనే దొరికేవి. ఒక గానుగ నూనె అంగడి, ఒక గోలీసోడా కొట్టు, ఒక మంగలి పందిరి, ఒక వడ్రంగి పాక. వాటి పక్కన నూకాలు అనే ఆవిడ కొబ్బరితాళ్ళ కొట్టు. అన్నిటికంటే చివర, మిగతా కొట్లకి దూరంగా, కమ్మరి లింగాచారి కొలిమి. నిప్పురవ్వలు ఎగిరి నూకాలు కొబ్బరిపీచు మీద పడతాయని ఆయన్ని అంత దూరం పెట్టారు.

ఆ ఊళ్ళో ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. లోతు నీళ్ళలో ఎక్కడో ఆగి, బొయ్ఁమని కూత పెట్టేవి. అప్పుడు పడవలవాళ్ళు పెద్ద పెద్ద అలలు దాటి వెళ్ళి సరుకు దింపుకొచ్చేవాళ్ళు.

ఆ పడవలు ఎలా చేసేవాళ్ళో తెలుసా? ఒక్క మేకు కూడా కొట్టేవాళ్ళు కాదు. మీ అమ్మ నీ గౌను కుట్టినట్టు, చెక్కకీ చెక్కకీ కన్నాలు పెట్టి, కొబ్బరితాడుతో కుట్టేసేవాళ్ళు. సందుల్లో గడ్డి కూరి, పైన నూనె పూసేవాళ్ళు. నిజమే బంగారం, పడవని కుట్టేవాళ్ళు. నవ్వకు.

కొత్త పడవ తయారైతే ఆ ఊళ్ళో ఒక వేడుక జరిగేది. దాన్ని తొలి అల అనేవాళ్ళు. ఆ పడవలో ఎవరి పని ఉందో వాళ్ళంతా మొదటిసారి అందులో ఎక్కాలి. మూడు అలలు దాటి వెనక్కి రావాలి. చెక్క చెక్కిన వడ్రంగి ఎక్కేవాడు. తాడు పేనిన నూకాలు ఎక్కేది. నూనె ఇచ్చిన గానుగాయన ఎక్కేవాడు. గడ్డి కోసిన ముసలమ్మ కూడా ముక్కుపుడక సర్దుకుంటూ ఎక్కేది.

లింగాచారి, ఆయన భార్య పైడమ్మ మాత్రం ఒడ్డున నిలబడేవాళ్ళు. పడవలో ఇనుము లేదు కదా మరి.

ఒకసారి లింగాచారి ఉండబట్టలేక అడిగాడు. "వడ్రంగి చెక్క చెక్కే బాడిసె నేనే కాచి ఇచ్చాను గదా. మరి నా పని లేదంటారేంటి?"

తండేలు ఎల్లాజీ, అంటే పడవలవాళ్ళకి పెద్ద, పకపకా నవ్వాడు. "బాడిసె వచ్చి పడవలో కూర్చుంటుందా మావా? పడవలో మిగిలిపోయే పని ఎవరిదో వాళ్ళే ఎక్కాల. అదే మన రేవు కట్టుబాటు."

అందరూ నవ్వారు. లింగాచారి కూడా నవ్వాడు. కానీ ఇంటికెళ్ళాక పైడమ్మ కొలిమి తిత్తి ఊదుతూ అంది: "పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. అల మీద ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది."

ఆయన ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట గట్టిగా వేశాడు.

అప్పుడు ఏమైందంటే, ఆ రేవు పడవలన్నిటికీ యజమాని ఒక షావుకారు ఉండేవాడు. పేరు నరసింగం. ఆ వీధి స్థలం కూడా ఆయనదే. ఆయన ఏదో పని మీద గోదావరి వైపు వెళ్ళాడు. అక్కడ కాలవల్లో మేకులు కొట్టిన పడవలు చూశాడు. చూసి వచ్చి వీధి మధ్యలో నిలబడ్డాడు.

"నెల్లాళ్ళపాటు కుట్టుకుంటూ కూర్చోడమేంటి? ఎనిమిది రోజుల్లో మేకులు కొట్టి పడెయ్యొచ్చు. కొత్త పడవ మేకుల పడవే. ఆచారీ, మేకులు చెయ్యి!"

లింగాచారికి చెవుల్లో పండగ బాజాలు మోగినట్టయింది. పైడమ్మ పెట్టెలోంచి పెళ్ళినాటి చీర తీసి ఎండలో ఆరేసింది.

కానీ బంగారం, కొలిమికి బొగ్గు తేవాలంటే పైడమ్మ నూకాలు కొట్టు ముందునుంచే వెళ్ళాలి. మేకుల పడవలొస్తే నూకాలు తాడు ఎవరు కొంటారు? ఆవిడ గుమ్మంలో కూర్చుని తాడు పేనుతూనే ఉంది, ఎవరూ అడగకపోయినా.

"కోపమా ఒదినా?" అంది పైడమ్మ.

"నీ మీద నాకేం కోపమే? సముద్రానికి కోపమొస్తాదేమో అని చూస్తన్నాను" అంది నూకాలు.

ఆ తర్వాత పడవ తయారైంది. నున్నగా, గట్టిగా, పెట్టెలా ఉంది. తొలి అల వేడుకకి ముందు ఖాళీ పడవని అల మీదికి తీసుకెళ్ళి చూడాలి. ఎల్లాజీ, అతని మనుషులు తీసుకెళ్ళారు. షావుకారు ఒడ్డున గొడుగు కింద కూర్చున్నాడు. ఎప్పుడూ అంతేనమ్మా. అల మీదికి వెళ్ళేది ఒకళ్ళు, ఒడ్డున కూర్చుని తొందరపెట్టేది ఇంకొకళ్ళు.

మొదటి అల కొట్టింది. టక్ మని ఒక మేకు పైకి లేచింది. ఎల్లాజీ పడవ తిప్పేశాడు.

"పొడుగు మేకులు చెయ్యి" అన్నాడు షావుకారు.

లింగాచారి పొడుగు మేకులు చేశాడు. మళ్ళీ తీసుకెళ్ళారు. ఈసారి అల కొట్టేసరికి మేకు లేవలేదు. చెక్కే బీట ఇచ్చింది. ఆ బీటలో ఎల్లాజీ కుడిచెయ్యి పడి మూడు వేళ్ళు నలిగిపోయాయి.

"లావు మేకులు చెయ్యి. ఇనప పట్టీలు కూడా వెయ్యి" అన్నాడు షావుకారు. "పెద్ద ఓడ వచ్చేస్తోంది. ఇంక చూసేదీ గీసేదీ ఏం లేదు. ఎల్లుండే తొలి అల. నువ్వూ నీ ఆడదీ అందరికంటే ముందు కూర్చోండి."

ముందు కూర్చోమన్నాడమ్మా! పద్దెనిమిదేళ్ళు ఒడ్డున నిలబడ్డవాళ్ళని.

లింగాచారి కొలిమి వెలిగించాడు. ఇనుము ఎర్రబడింది. సమ్మెట ఎత్తాడు. మళ్ళీ దించేశాడు. "ఎల్లాజీని చూసొస్తాను" అని లేచాడు.

ఎల్లాజీ గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి పసుపు గుడ్డ కట్టి ఉంది. లింగాచారి అతని పక్కన కూర్చున్నాడు. "నా మేకు చెడ్డదా ఎల్లాజీ?" అని అడిగాడు.

ఎల్లాజీ తిట్టలేదు. "చెడ్డదేంటి మావా, మహా మంచిది. ఎంత గట్టిదో! అంత గట్టిగా పట్టుకుంటే అల ఎటు పోవాల? కాలవ నీళ్ళు కొట్టవు. ఇవి కొడతాయి. మన తాడు కాస్త వదుల్తాది, మళ్ళీ పట్టుకుంటాది. పడవ వంగితే అల కింద నుంచి పోతాది. వంగకపోతే పడవని చీల్చుకుని పోతాది."

"మరి ఎల్లుండి వెళ్తావా?"

"యజమాని పొమ్మంటే పోక ఏం చేస్తాం? మేం పన్నెండు మందిమి. పన్నెండు ఇళ్ళు."

లింగాచారి ఇంటికొచ్చాడు. పైడమ్మకి అంతా చెప్పాడు. పైడమ్మ సిద్ధంగా ఉంచుకున్న పెళ్ళిచీర మడిచి పెట్టెలో పెట్టేసింది. లోపలికి వెళ్ళి పెద్ద పటకారు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"పద. నేను పట్టుకుంటాను, నువ్వు లాగు" అంది.

బాగా పొద్దెక్కాక, వీధంతా చూస్తుండగా, ఆ మొగుడూ పెళ్ళాం పడవ దగ్గరికి వెళ్ళారు. తను కొట్టిన మేకులు తనే పీకడం మొదలుపెట్టాడు లింగాచారి. కీచ్, కీచ్ మని ఒక్కొక్కటే ఊడి ఇసకలో పడుతోంది. ఏ పనివాడికైనా తన పని తనే ఊడదీయడం ఎంత కష్టమో పెద్దయ్యాక నీకే తెలుస్తుంది.

అప్పుడు షావుకారు మంగలి పందిట్లో గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప అయింది, ఒక చెంప ఉంది. ఎవరో వచ్చి చెప్పారు. సబ్బు నురగ మొహాన్నే పరుగెత్తుకొచ్చాడు.

"ఒరే ఆచారీ! మతి పోయిందా? నా పడవ!"

"చెక్కలు తమవి బాబూ. మేకులు నావి. నావి నేను తీసుకుంటున్నాను" అన్నాడు లింగాచారి, పటకారు ఆపకుండా.

"సరే. ఈ వీధి నాది. రేపటికల్లా నీ కొలిమి ఇక్కడ ఉండకూడదు!"

అప్పుడు ఒకావిడ ముందుకొచ్చింది. ఎవరో చెప్పు చూద్దాం? నూకాలు! ఆ మేకుల వల్ల ఎవరి పొట్ట కొట్టబోయారో ఆవిడే.

"ఆ కొలిమి ఆరితే నా కొట్టు తలుపులూ మూసేస్తాను" అంది.

షావుకారు నవ్వాడు. "నీ కొట్టు మూయించేది నేనే కదే, నువ్వు కొత్తగా మూసేదేముంది?"

అప్పుడు గానుగాయన లేచాడు. తన అంగడి తలుపు చెక్కలు ఒకటొకటే పెట్టేశాడు, దడ దడ దడ. ఆ తర్వాత సోడా కొట్టు మూసేశారు. ఆ తర్వాత వడ్రంగి ఉలి కింద పెట్టేశాడు. చివరికి మంగలి కూడా కత్తి తుడిచి పొదిలో పెట్టేసుకున్నాడు.

"ఒరే, నా రెండో చెంప!" అన్నాడు షావుకారు.

"కొలిమి ఉంటేనే బాబూ, నా కత్తికి పదును" అన్నాడు మంగలి. "అది లేకపోతే చెంపా లేదు, గడ్డమూ లేదు."

మొదటిరోజు షావుకారు సగం గడ్డంతో కండువా మొహానికి చుట్టుకుని తిరిగాడు. ఇంకో మంగలి కావాలంటే రెండు ఆమడలు పోవాలి. పిల్లలు వెనకాలే పడి, "ఇటు తాతయ్య, అటు బాబాయి!" అని అరిచారు.

రెండోరోజు ఇంట్లో నూనె అయిపోయింది. పప్పులో పోపు లేదు. షావుకారు గారి తల్లి కంచం ముందు కూర్చుని, "ఈ వయసులో నా చేత చప్పిడి తినిపిస్తున్నావురా" అని దెప్పింది.

మూడోరోజు పెద్ద ఓడ వచ్చింది. బొయ్ఁమని ఒకసారి కూసింది. పడవలవాళ్ళు కూడా పని మానేసి ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. రెండోసారి కూసింది. ఎవరూ లేవలేదు. మూడోసారి కూసింది.

చూశావా బంగారం, ఊరంటే మేడలు కాదు, రేవు కాదు, ఓడ కాదు. ఊరంటే చేతులు. చేతులు ఆగితే అంతా ఆగిపోతుంది.

అప్పుడు షావుకారు నడుచుకుంటూ వచ్చాడు. కొలిమి ముందు నిలబడ్డాడు. "కొలిమి వెలిగించుకో ఆచారీ" అన్నాడు.

లింగాచారి కదల్లేదు. నూకాలు వైపు చూశాడు.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "పడవ కూడా... కుట్టుకోండి, మీకు తెలిసినట్టు."

అంతే! తలుపులన్నీ తెరుచుకున్నాయి. మంగలి ముందు ఆ రెండో చెంప గీసేశాడు, చూడలేక. పడవలవాళ్ళు పాత పడవలు తీసుకుని ఓడ దగ్గరికి వెళ్ళారు.

ఆ తర్వాత నెల్లాళ్ళు కూర్చుని కొత్త పడవ కుట్టారు. బీటలిచ్చిన చెక్క తీసి వడ్రంగి కొత్త చెక్క పెట్టాడు. నూకాలు తాడు లాగి ముడి వేసింది. తొలి అల రోజు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. అందరూ ఎక్కారు.

లింగాచారి, పైడమ్మ ఎప్పటిలాగే ఒడ్డున నిలబడ్డారు. పైడమ్మ పెళ్ళిచీర కట్టుకోలేదు. మామూలు చీరే.

ఎల్లాజీ కేకేశాడు. "ఏం మావా, రావేం? నీ కోసం అల ఆగుతాదా?"

"కట్టుబాటు కట్టుబాటే ఎల్లాజీ. నా పని ఏదీ పడవలో లేదు" అన్నాడు లింగాచారి.

ఎల్లాజీ తన వంకర వేళ్ళు పైకెత్తి చూపించాడు. "లేకపోవడమే నీ పని మావా. నీ మేకు ఇందులో లేదు గనకే మేం పన్నెండు మందిమీ ఉన్నాం. రా!"

నూకాలు ఊరుకుంటుందా? పడవలోంచి దిగి నీళ్ళలో నడిచొచ్చి పైడమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "పద్దెనిమిదేళ్ళు నిలబడ్డావు, చాల్లే ఒదినా."

ఒడ్డున షావుకారు ఒక్కడే మిగిలాడు, గొడుగు పట్టుకుని. ఆయన్ని చూస్తే పైడమ్మకి పాపం అనిపించిందట. అలా ఒంటరిగా నిలబడటం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు కదా.

మొదటి అల వచ్చింది. పడవ పైకి లేచింది. పైడమ్మ కెవ్వుమంది. రెండో అల వచ్చింది. పడవలోకి నీళ్ళు చిమ్మాయి, అందరూ తడిసి ముద్దయ్యారు. మూడో అల, అన్నిటికంటే పెద్దది, వచ్చి కింద కొట్టింది. లింగాచారి కాళ్ళ కింద చెక్కలు నెమ్మదిగా వంగాయి. వంగి, మళ్ళీ లేచాయి. అల కింద నుంచి జారుకుంటూ వెళ్ళిపోయింది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇనుముతో కుస్తీ పట్టినవాడు లింగాచారి. ఎర్రగా కాలిస్తే తప్ప ఏదీ వంగదని అనుకునేవాడు. ఆయన చెక్క మీద అరచెయ్యి ఆనించి, చిన్నపిల్లాడిలా అరిచాడు:

"పైడీ, చూడు! కాల్చకుండానే వంగుతోందే!"

తడిసిన కొంగు పిండుకుంటూ పైడమ్మ నవ్వింది. ఆ నవ్వు ఒడ్డుదాకా వినపడిందట.

కుట్టిన పడవ ఊగింది,
కొట్టిన అలకే వంగింది.
మేకులు ఇసకన మిగిలాయి,
చేతులు చేతులు కలిశాయి.
కంచికి మన కథ చేరింది,
కంటికి నిద్దుర వాలింది.