పువ్వు ఎరుగని చేపవ్వ

"తలల పూలు తీయున్లమ్మా... తలల పూలు తీయున్లీ..."

వైశాఖ మాసంలో జాతర నాడు వీధి ఆ చివరి నుంచి ఈ కేక వినబడగానే, పలకరేవుకు కొత్తగా వచ్చిన భక్తులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కేక వేసేవాడు గుడి కావలి దుర్గయ్య. చంకలో వెదురు గంప పెట్టుకుని ముందు నడుస్తాడు. మా ఊరి ఆడవాళ్ళు జడలోని మల్లెలూ కనకాంబరాలూ తీసి అందులో వేసి గుడి వైపు సాగిపోతారు. పోయిన ఏడాది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మ మాత్రం జడ మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

"గుడికి పోతుంటే పూలు తీయమంటరేందయ్యా? ఎక్కడన్నా ఉందా?"

"ఇక్కడ ఉందవ్వా. మా తల్లికి పూలంటే కొత్త, బెదురుతది. పోయేటప్పుడు నీవి నీకే ఇస్త. ఒక్క మొగ్గ తగ్గినా నన్నడుగు."

ఆమె నవ్వుకుంటూ మూర మల్లెలు గంపలో వేసింది. అలా అడిగేవారందరికీ విడివిడిగా చెప్పలేక, గుడి తరఫున నేను రాసిన ఈ క్షేత్ర మహిమను ఇలా అచ్చు వేయిస్తున్నాము.

మంచిర్యాల జిల్లాలో, ప్రాణహిత ఒడ్డున, చెన్నూరు నుంచి ఆటోలో గంట ప్రయాణ దూరంలో పలకరేవు ఉన్నది. గుడికి గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన పెంకుల కప్పు, మధ్యలో గద్దె. గద్దె మీద వెలసిన తల్లిని శిల్పి ఎవరూ చెక్కలేదు. మూరెడు పొడవున్న సున్నపురాతి పలకలో ఒక చేప పక్కకు తిరిగి పడుకుని ఉన్నది. కన్ను, మొప్ప, తోక అన్నీ స్పష్టం. ఒంటి నిండా పలకల్లాంటి పొలుసులు. దీపం చూపిస్తే అవి పాకం పట్టిన బెల్లంలా మెరుస్తాయి. ఆ తల్లినే చేపవ్వ అంటాము. ఆమెకు పూలు, కొబ్బరికాయ, అరటిపండు, పాలాభిషేకం లేవు. ప్రాణహిత నీళ్ళు ఒక చెంబు, వాగు వారన తేమలో పెరిగే పువ్వు పూయని ఆకు ఒక గుప్పెడు, అంతే పూజ.

పూర్వం ఇక్కడ రెండు వీధులుండేవి. నది వైపు బెస్తవాళ్ళ వీధి, గుట్ట వైపు సున్నంవాళ్ళ వీధి. బెస్తవాళ్ళు వల వేసేవారు, పడవలు నడిపేవారు. సున్నంవాళ్ళు గుట్టలో పలకలు తవ్వి బట్టీలో కాల్చి సున్నం చేసేవారు. బట్టీకి కావలసిన కట్టె అవతలి ఒడ్డు అడవి నుంచి బెస్తవాళ్ళ పడవల్లోనే వచ్చేది. బెస్తవాళ్ళ గోడలకు పూసే సున్నం, వాళ్ళు తాంబూలంలో వేసుకునే సున్నం ఈ బట్టీదే. పెళ్ళయినా పేరంటమైనా రెండు వీధులూ ఒకే బంతిలో కూర్చుని తినేవి.

సున్నం వీధిలో బానయ్య అనే ఆయన ఉండేవాడు. ఒకనాడు గుట్ట మీది నుంచి దించుతుండగా అతని చేతిలోంచి ఒక పలక జారిపడి, పొర వెంట పుస్తకంలా విచ్చుకున్నది. లోపల చేప. బానయ్య దాన్ని తీసుకుపోయి భార్య ఓదెమ్మ ముందు పెట్టాడు.

ఓదెమ్మ వాసన చూసింది. "ఎన్నడో ఎండిన చేప. రాళ్ళ నడుమ ఇరికి అతుక్కున్నట్టుంది. నానబెడితే ఊడొస్తది" అన్నది.

నవ్వకండి. ఆ రోజుల్లో రాతిలో చేప ఉంటుందని ఎవరికి తెలుసు? పాపం ఆ ఇల్లాలు పలకను కుండెడు బియ్యపు కడుగునీళ్ళలో వేసి, కూరకు చింతపండు కూడా పిసికి పెట్టుకున్నది. మరునాడు చూస్తే చేప ఊడలేదు సరికదా, మురికి పోయి ఇంకా తళతళలాడుతున్నది. గోటితో గీకింది, కత్తిపీటతో గీకింది. చివరికి చేపల సంగతి తెలిసినవాడని బెస్తవాళ్ళ పెద్ద రాయమల్లును పిలిపించింది.

రాయమల్లు ప్రాణహితలో ఉన్న ప్రతి చేపనూ తోక చూసి చెప్పగలడు. ఆయన పలకను ఎత్తి వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మన నీళ్ళల్ల ఉన్న చేప కాదు. ఈ పొలుసు నేనెన్నడూ చూడలే. ఇది చేపలన్నిటికీ అవ్వ, మా బెస్తోళ్ళ కులానికి తల్లి." తర్వాత బానయ్య వైపు తిరిగాడు. "ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నయి?"

బానయ్యకు అబద్ధం రాదు. "ఏమో రాయమల్లన్నా. మేం పలకలు విప్పి చూడం. తెచ్చుడు, బట్టీల వేసుడు. మా తాతల కాలం నుంచి అంతే."

రాయమల్లు నోట్లో అప్పుడు తాంబూలం ఉన్నది. నమలడం ఆగిపోయింది. తాతల నాటి నుంచి ఎందరు చేపవ్వలు కాలి సున్నమయ్యారో, ఆ సున్నం ఎందరి ఆకుల్లోకి చేరిందో ఆయనకు ఒక్కసారిగా తట్టింది. వాకిట్లోకి పోయి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికల్లా బెస్త వీధి వారు తమ గోడల మీది సున్నం గీకేశారు. సున్నంవాళ్ళ ఇళ్ళలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టబోమని ఒట్టు పెట్టుకున్నారు. పడవలు కట్టేశారు. బానయ్య చేతులు పట్టుకోబోతే రాయమల్లు ఒకటే మాట అన్నాడు. "రాయి కాల్చుడు మీ బతుకైతే, వేరే ఊళ్ళె బతకున్లి. మా అవ్వను కాల్చెటందుకు మా పడవల కట్టె రాదు."

బట్టీ పక్కన మిగిలిన కట్టె ఒక్క కాల్పుకు కూడా సరిపోదు. ఇళ్ళలోని గింజలు అమావాస్య దాకానే వస్తాయి, ఆలోగా నిప్పు పడకపోతే సున్నం వీధిలోని ఎనిమిది కుటుంబాలూ ఊరు విడవవలసిందే. ఇద్దరు ముగ్గురు అప్పటికే సామాను మూటలు కట్టుకున్నారు. ఓదెమ్మ మాత్రం కట్టలేదు. పలకను గూట్లో నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, "తల్లీ, తెలియక నిన్ను కూర వండబోయిన. మా ఊరు మాకుండనియ్యి" అని మొక్కుకున్నది. దండ జారిపడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ జారింది.

ఆ మధ్యాహ్నం చల్లారిన బట్టీ నీడలో ఆమెకు కునుకు పట్టింది. కలలో చేపవ్వ కనిపించి ఇలా పలికింది:

"ఓదెమ్మా, నా మెడలో వేసిన ఆ పచ్చని గుండ్రనివి ఏమిటి? నేనెరుగను. నేను ఈదిన కాలంలో పువ్వు అనేది పుట్టలేదు. గడ్డిపరక లేదు. కాకి అరుపు లేదు, చీమ బారు లేదు. ఇక్కడంతా పెద్ద మడుగు. ఒడ్డున పూయని చెట్లు, పూయని ఆకులు. తాటిబోదె లాంటి మెడలున్న జంతువులు నీళ్ళకు దిగితే మడుగంతా కలక బారేది. వాటి కాళ్ళ సందుల్లో ఈదుకుంటూ, నత్తలను కొరుక్కు తింటూ బతికాను. ఒకనాడు అడుగున ఉన్న తెల్లని మెత్తని బురదలో ఒరిగాను. నా మీద బురద, దాని మీద బురద. నిద్ర పట్టింది. కాల్చారని నాకు కోపం లేదు. కానీ తలుపు తట్టకుండా ఒకరి ఇంట్లోకి జొరబడతారా? ఇకమీదట ప్రతి పలకనూ మూడుసార్లు తట్టండి. పొర వెంట విప్పండి. నేనుంటే పక్కన పెట్టండి. లేకుంటే కాల్చుకోండి, మీరూ బతకాలి కదా. రెండు వీధులూ నా ముందు కూర్చుని తినండి. మనుషుల సందడి విని నాకు అలవాటు లేదు, వినాలని ఉంది."

ఓదెమ్మ లేచి, పలకను కొంగులో చుట్టుకుని, ఒంటరిగా బెస్త వీధికి నడిచింది. రాయమల్లు వాకిట్లో వల అల్లుతున్నాడు. ఆమె నిలబడే కల చెప్పింది. చుట్టూ జనం చేరారు.

"మా అవ్వ నీ కలలకెందుకొస్తది ఓదక్కా? నీకు అక్కెరున్న మాటలే చెప్పింది గదా?" అన్నాడు రాయమల్లు. జనం నవ్వారు.

"అక్కెర లేని మాట కూడా చెప్పిందన్నా. పువ్వంటే ఏందో ఎరుకలేదట. తను పుట్టిన్నాడు పువ్వే లేదట. అట్లాంటి మాట నేనెందుకు పుట్టిస్త? పువ్వు లేని లోకం నాకెట్ల తెలుస్తది?"

రాయమల్లు చేతిలోని అల్లికపుల్ల ఆగింది. ఆయన తల ఎత్తలేదు. పుల్ల కింద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాడు. "నాకూ వచ్చింది ఈ కల. మూడు దినాలాయె. పువ్వు మాట, గడ్డి మాట, తట్టమన్న మాట, అంతా ఇదే. చెప్తే ఊళ్ళె నా మాట తగ్గుతదని కడుపుల పెట్టుకున్న."

ఆయన భార్య గంగవ్వ లోపలి నుంచే అందుకున్నది. "అందుకేనా మూడు దినాల నుంచి బువ్వ ముందట పెడితే గోడ దిక్కు చూస్తున్నవు? నా కూరల ఉప్పు తక్కువైందేమోనని నేను మూడు పూటలు మార్చి వండితిని గదయ్యా."

రాయమల్లు లేచి, ఓదెమ్మ చేతిలోని పలకను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ పొద్దే పడవలు విప్పారు. తొలి పలకను తట్టింది ఆయనే. "అవ్వా, ఉన్నవా?" అని అడిగి, సన్నని ఉలితో విప్పితే లోపల చేప లేదు, ఒట్టి రాయి. "ఇది కాల్చుకో బానయ్యా" అని తన చేత్తోనే బట్టీలో పెట్టాడు. అమావాస్యకు ముందే పొగ లేచింది. కట్టిన మూటలు విప్పేశారు.

చదువుకున్న భక్తులు దీనికి శాస్త్రం ఉందా అని అడుగుతారు. ఉన్నది. మా హైస్కూలులో సైన్సు చెప్పి రిటైరైన సదాశివ్ సారు నన్ను కూర్చోబెట్టి వివరించారు. భూమి వయసును పండితులు కాలాలుగా పంచారట. అందులో జురాసిక్ కాలం ఒకటి. అది ఇప్పటికి సుమారు ఇరవై కోట్ల ఏళ్ళ కిందట మొదలై, పద్నాలుగున్నర కోట్ల ఏళ్ళ కిందట ముగిసింది. మన చేపవ్వ ఆ నడిమి కాలపు మనిషి, అంటే చేప. అప్పుడు మన దేశం ఆఫ్రికాతోనూ అంటార్కిటికాతోనూ అతుక్కుని ఉండేదట. హిమాలయాలు ఇంకా లేవలేదు. వాటి కంటే మా అవ్వే పెద్దది, ఈ సంగతి విన్నాక రెండు రోజులు నాకు కాలు నేల మీద నిలవలేదు. రాక్షసి బల్లులు ఈ గోదావరి, ప్రాణహిత లోయలోనే తిరిగాయి. తొడ ఎముక ఒక్కటే నిలబెడితే మనిషంత ఎత్తు. వాటి కాళ్ళ కింద ఎలుకంత బొచ్చు ప్రాణులు, ఒడ్డున ఫెర్న్ అనే ఆకులు, కాయలకు బదులు పొలుసులు పేర్చినట్టుండే బొండులు కాసే, సూదుల్లాంటి ఆకుల చెట్లు. సారు చెప్పినదాని ప్రకారం పూల మొక్కలు గానీ గడ్డి గానీ ఆ కాలంలో దొరకవు. కాకులు, చీమలు కూడా ఆ కాలం దాటాక వచ్చినవే.

"మరి అక్షరం ముక్క రాని ఓదెమ్మకు ఇవన్నీ ఎవరు చెప్పారు సారూ?" అని అడిగాను.

సారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అది నా సిలబసులో లేదయ్యా" అన్నారు.

నేటికీ సున్నం వీధిలో మిగిలిన రెండు బట్టీలలో తట్టకుండా ఒక్క పలకా వేయరు. అలా దొరికిన చేపలు, ఆకుల అచ్చులు గుడి గోడకు వరుసగా పేర్చి ఉన్నాయి. మాటలు లేని అన్నదమ్ములు, రాకపోకలు తెగిన వియ్యంకులు ఇక్కడికి వచ్చి చేపవ్వ ముందు ఒక బంతిలో తింటే, ఆ ఏడాది తిరిగేలోపు ఒకరి గడప ఒకరు తొక్కుతారని నమ్మకం. తొక్కినవారిని ఎందరినో నేనెరుగుదును.

బంతి పద్ధతి కూడా చెప్పాలి. బెస్త వీధి వారొకరు, సున్నం వీధి వారొకరు, మధ్య మధ్య భక్తులు, ఇలా కూర్చోవాలి. మోదుగాకు విస్తళ్ళలో జొన్నరవ్వ ఉడికించిన గట్క, చేపల పులుసు. చేపల తల్లి ముందు చేపలేమిటని కొందరు సందేహిస్తారు. తొలి బంతి నాడు బానయ్య కూడా ఆ సందేహమే పడితే, ఓదెమ్మ "ఆమె నత్తలు తిని బతికింది, మనల్ని పస్తుండమంటదా?" అని గరిట పట్టిందట. రెండు వీధుల పెద్దలు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న తర్వాతే ఎవరైనా ముద్ద ఎత్తాలి.

ఈ ఏడు బెస్త వీధి పెద్ద సమ్మయ్య, సున్నం వీధి పెద్ద ఓదెలు. "నువ్వు కూసో తమ్మీ", "పెద్దోనివి, ముందుగాల నువ్వే కూసో అన్నా" అంటూ ఇద్దరూ నిలబడే ఉన్నారు. మూడు వందల విస్తళ్ళ ముందు మూడు వందల మంది చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. పులుసు చల్లారిపోతున్నది. చివరికి వడ్డించే ఆడవాళ్ళలోంచి ఎవరో, "ఇద్దరూ ఒక్కపారి వంగున్లి, ఎవరు ముందో మేం చూడం" అన్నారు. బంతంతా గొల్లున నవ్వింది. పెద్దలిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మోకాళ్ళు పట్టేసిన మనుషులు కదా, మెల్లగా, కలిసి, చాప మీద కూర్చున్నారు.