పొరుగింటి పండుగ కోరిన పున్నమ్మ కథ

పసుపు గౌరమ్మకు నమస్కరించి, చేత అక్షతలు పట్టుకొని, అల్లరి పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని అందరును కథ వినుడు.

పూర్వము తుంగభద్రా తీరమున ధృతశీలుడను మహాముని తపస్సు చేయుచుండెను. ఒకనాడు విశ్రుతుడను ముని ఆయనను సమీపించి, "స్వామీ! సంతానము కోరు నోములు వింటిని, సంపద కోరు నోములు వింటిని. అందరును తమ ఇంటికే కోరుచున్నారు. కష్టములోనున్న పరుల ఇంట పండుగ జరుగవలెనని కోరు నోము ఒక్కటైనను కలదా?" అని అడిగెను. ధృతశీలుడు, "కలదు నాయనా. అది మూసివాయనపు గౌరి నోము. చేయుట తేలిక, చెడుట అంతకన్న తేలిక" అని ఈ విధముగా చెప్పెను.

కుంకుమపాడు అను ఊరిలో బయ్యన్న అను నేతగాడు కలడు. అతని భార్య పున్నమ్మ. ఇంట మగ్గములు ఆడుచుండగా, వాకిట వర్తకులు వేచియుండగా వారు ఏ లోటును లేక జీవించుచుండిరి. ఎదురింట సింగన్న అను రంగులవాడు ఉండెను. బయ్యన్న మగ్గమెక్కు నూలుకు రంగు వేసెడివాడు అతడే. ఒకనాడు మరుగుచున్న రంగు కాగు ఒరిగి సింగన్న చేతులు రెండును కాలిపోయెను. పని ఆగిపోయెను. అతని భార్య నాంచారమ్మ ఇంటనున్నదెల్ల అమ్మి పిల్లలకు గంజి కాచి పోయుచుండెనే గాని, ఎవరి గడపకును పోయి చేయి చాపలేదు.

దీపావళి దగ్గర పడెను. నాంచారమ్మ చిన్నకూతురు పున్నమ్మ వాకిట నిలిచి, "అత్తా, ఈసారి పండగ మీ ఇంటికొక్కటేనా వచ్చేది?" అని అడిగెను. ఆ మాటకు పున్నమ్మకు గుండె చెరువాయెను. లోపలికి పోయి గౌరమ్మ ఎదుట కూలబడి, "తల్లీ, నాకిచ్చింది చాలు. ఈ పండక్కి ఆ ఇంటికేదైనా ఇయ్యి" అని మ్రొక్కెను.

అంతలో పసుపు అమ్ముకొను ముసలమ్మ ఒకతె గడపలో గంప దించి, "ఇయ్యమని అమ్మకు చెప్పావు, సరే. మోసేదెవరే?" అని నవ్వెను. పున్నమ్మ నివ్వెరపడి నోము విధానము అడిగెను. నీ ఇంటికి నీవు ఏది కోరుకొందువో దానినే చేటలో పెట్టవలెననియు, పైన మరియొక చేట మూయవలెననియు, నీ పొయ్యి వెలుగకమునుపే ఆ గడప చేరవలెననియు, ఇచ్చిన సంగతి గాలికి కూడ చెప్పరాదనియు ముసలమ్మ తెలిపెను. పున్నమ్మ పసుపు కొనుటకై లోపలికి పోయి వచ్చునప్పటికి గంపయు లేదు, ముసలమ్మయు లేదు.

మగ్గము నుండి దిగు కొత్త చీర నాంచారమ్మకే అని పున్నమ్మ మనసున అనుకొనెను. చీర దిగెను. దానిమ్మగింజ రంగు, జరీ అంచు! చూచుటతోనే ఆమె మనసు తిరిగెను. "పొయ్యి ముందు కూర్చునేదానికి ఇంత చీరెందుకు? గంజి మరకలు చేసుకోడానికా?" అని తనకు తానే చెప్పుకొని, పడుగు తెగి వర్తకులు తిప్పికొట్టిన చీరను చేటలో పెట్టి, పైన చేట మూసి ఇచ్చెను. నాంచారమ్మ దానిని కన్నుల కద్దుకొనెను. పున్నమ్మ కొత్త చీర కట్టి దీపములు పెట్టెను. పిల్లి కన్నులు మూసుకొని పాలు త్రాగినట్లు, మూసిన చేటలోనిది ఎవరు చూతురని ఆమె తలంపు.

ఆనాటి నుండి బయ్యన్న మగ్గమున ఏ చీరయు చివరి దాక నేయబడలేదు. పడుగు ఎక్కించుట, తెగుట, మరల అతుకుట, మరల తెగుట. వర్తకులు వేరొక వాకిలి వెదకుకొనిరి. పున్నమ్మకు తన తప్పు తెలియక పోలేదు. మరుసటి దీపావళికి ఇంట మిగిలిన మేలైన చీరను తీసి చేటలో పెట్టి ఇచ్చెను. ఇంతవరకు బాగు. ఇచ్చి వచ్చిన కాళ్ళతోనే నీళ్ళకు పోయి, నలుగురిలో కడవ దించి, "పాపం, ఆ ఇంట పండగంటే నా చేతి చలవేనమ్మా" అని గోరంతను కొండంత చేసి చెప్పెను. నీళ్ళు ఇల్లు చేరకమునుపే మాట ఎదురిల్లు చేరెను.

నాంచారమ్మ చేటలు తెరవకుండనే తెచ్చి అరుగుపై దించెను. "చీర మంచిదే అయ్యుంటుంది వదినా. కానీ ఇది కట్టుకుంటే నా పిల్లలు కూడా నీ పేరే చెప్పుకోవాల. తలొంచుకుని పండగ చేసుకోలేం. ఏమనుకోమాక, తీసుకో" అని వెడలిపోయెను. పున్నమ్మ సిగ్గుతో చచ్చినంత పనియై ఆ చేటలను లోపలికి మోసికొనిపోయెను.

పిమ్మట ఓడలు బండ్లాయెను. మగ్గములు ఆగెను, ఇంటి కప్పు కారెను, బయ్యన్న పరుల మగ్గమున కూలికి కూర్చుండెను. మరల దీపావళి వచ్చెను. పండుగకని దాచిన కొత్తబియ్యము, ఒక బెల్లపు అచ్చు తప్ప ఇంట ఏమియు లేదు. పున్నమ్మ వానినే చూచుచు కూర్చుండి, తన ఇంటికి ఇప్పుడు తాను కోరునది ఇదియే కదా అని తెలిసికొనెను. వానిని చేటలో పోసి, గింజ మిగల్చక, పైన చేట మూసెను. బయ్యన్న చూచి, "మనకో?" అనెను. "మనకు అమ్మ ఉంది" అని ఆమె వీధిలోనికి నడచెను.

తెలతెలవారుచుండెను. ఎదురింటి తలుపు తెరచుకొని నాంచారమ్మ బయటికి వచ్చెను. ఆమె చేతులలోను మూసిన చేటలు! ఇద్దరును నడివీధిన ఆగిపోయిరి.

"ఎక్కడికి నాంచారూ?"

"మీ ఇంటికే వదినా. మగ్గం ఆగిందని విన్నా. మా ఆయన చెబుతుంటే రంగు కలిపి నేనే నూలుకి అద్దా. ఒక పడుగుకి సరిపోద్ది. నువ్వెక్కడికి?"

పున్నమ్మ చేటలు ముందుకు చాపెను. నాంచారమ్మయు చాపెను. వాయనమిచ్చువారు అందుకొన్నదెవరని అడుగుటయు, అందుకొన్నవారు నేనే గౌరినని బదులిచ్చుటయు మన ఇండ్ల ఆచారమే కదా. ఆ ప్రకారమే పున్నమ్మ, "నా వాయనం అందుకున్నదెవరమ్మా?" అని కన్నీళ్ళతో అడిగెను. సరిగా ఆ క్షణముననే నాంచారమ్మయు అదే మాట అడిగెను. ఇద్దరును అడిగిరి. బదులు చెప్పువారు లేకపోయిరి.

"నేనే గౌరిని" అని వినబడెను.

వీధిలో మూడవ మనిషి లేదు. గాలి కదలలేదు. ఇద్దరి నడుమ నేలపై, అప్పుడే పెట్టినట్లు తడియారని పసుపు పాదములు రెండుండెను. ఒకటి ఈ ఇంటి వైపు, ఒకటి ఆ ఇంటి వైపు తిరిగియుండెను. ఆ స్త్రీలిద్దరును ఒకరి చేతులు ఒకరు పట్టుకొని, ఆ పాదముల ముందు నేలకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చిరి.

ఆ దినమున రెండిండ్లవారును ఒక్క పొయ్యిపై పరమాన్నము వండుకొనిరి. ఆ నూలు మగ్గమెక్కెను, తెగలేదు. సింగన్న చేతులు నెమ్మదిగా పట్టు దొరకబుచ్చుకొనెను. వర్తకులు దారి తెలిసినట్లే తిరిగి వచ్చిరి.

కావున విశ్రుతా! ఈ నోమును కొత్తగా కాపురమునకు వచ్చినవారు చేయవలెను, కలిగినవారు చేయవలెను, కోలుపోయినవారు తప్పక చేయవలెను. ముత్తైదువలనియు కానివారనియు, ఆడవారనియు మగవారనియు ఇందు భేదము లేదు. చేసినవారి ఇంట నూలు తెగదు, మాట తెగదు, అన్నము తరుగదు. అన్ని నోములకు ఉద్యాపన కలదు గాని దీనికి లేదు. పండుగ చేరని ఇల్లు ఒక్కటైనను ఉన్నంతకాలము ఈ నోము తీరదని ధృతశీలుడు చెప్పెను.

కథ విన్నవారు అక్షతలు తలపై వేసుకొనుడు. వేసుకొనునపుడు గుప్పెటలో కొన్ని మిగుల్చుకొనుడు. అవి మీవి కావు. ఎవరివో మీకు తెలియును, లేచి వెళ్ళుడు.