పెంటమ్మ వాటా

అనగనగా, ఏది గోదారో ఏది సముద్రమో ఇంకా హద్దు తేలని రోజుల్లో, మడ అడవి పక్కన ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో పీతలు పట్టే పెంటమ్మ ఉండేది. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే దీన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టారు. బతికింది. మొండిగా బతికింది.

సున్నం బట్టీ షావుకారు బట్టీలో కట్టెల కోసం మడచెట్లు నరికినవాళ్ళకి కూలి ఇచ్చేవాడు. ఆకలిగా ఉన్నవాళ్ళు గొడ్డలి పట్టేవారు. చెట్లు పోయినకొద్దీ పీతలు పోయాయి. ఉప్పునీళ్ళు గడప దాకా వచ్చాయి.

పెంటమ్మ ఒక దారి కనిపెట్టింది. లోపల కండలేని గుల్లపీతను వెదురుబుట్టలో వేసి, మడ నీడన కాలవలో మేపితే నెలకల్లా కండ పడుతుంది. చెట్టు నిలబడితేనే ఆ పని సాగుతుంది. వెదురుకీ, ఒక పాత పడవకీ పెట్టుబడి కావాలి. మూడు గడపలెక్కింది.

"నరుకుతానంటే ఇప్పుడే ఇస్తాను. నిలబెడతానంటే ఎవడిస్తాడే?" అన్నాడు షావుకారు.

"పీతలకి పెట్టుబడా!" అని జమీందారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తాకట్టేం పెడతావ్?" అన్నాడు మునసబు.

"అడవుందండి."

"అడవి నీదా?"

"మరి నరికేవోళ్ళదాండి?" అంది పెంటమ్మ. తలుపు మూసేశారు.

నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. చంపడానికి డబ్బుంది, బతికించడానికి లేదు!

ఆ పల్లెలో ప్రతి వేటలోనూ గంగమ్మతల్లికి ఒక వాటా తీసేవారు. ఆడవాళ్ళు ఆ వాటా అమ్మిన డబ్బు పెంటమ్మ చేతిలో పెట్టారు.

"తల్లి వాటా దీనికా?" అని కులపెద్దలు గద్దించారు.

"అడవి పోతే తల్లి ఎక్కడుంటాదిరా?" అంది ముసలి నూకాలు.

మొదటిసారి పెంటమ్మ పీతలన్నిటినీ ఒకే బుట్టలో పోసింది. ఒకదాన్నొకటి తినేశాయి. మిగిలింది ఒక్కటే, బాగా బలిసింది. ఊరంతా నవ్వింది. ఆడవాళ్ళు మళ్ళీ ఇచ్చారు. రెండోసారి బుట్టలో పీతకో గది కట్టింది. బుట్టల్ని సముద్రప్పోటు ఎత్తుకుపోయింది. సిగ్గు చంపుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇచ్చారు. మూడోసారి బుట్టల్ని మడవేళ్ళకి కట్టింది. నిలిచాయి.

ఆ ఏడు పది ఇళ్ళు బుట్టలు కట్టాయి. మరుసటేడు పల్లెంతా కట్టింది. గొడ్డళ్ళు తుప్పుపట్టాయి. బట్టీ ఆరిపోయింది.

తర్వాత ఉప్పెన వచ్చింది. షావుకారూ, జమీందారూ, మునసబూ పెళ్ళాంపిల్లలతో పరిగెత్తుకొచ్చి, మడ వెనకున్న ఆ పల్లెలోనే ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్ళకి గంజి పోసింది పెంటమ్మే.

కొన్నాళ్ళకి పెంటమ్మ పోయింది. పదోరోజున ఆ ముగ్గురూ బండి మీద పెద్ద రాయి తెచ్చి పాతించారు. దాని మీద ఏం చెక్కించారో తెలుసా? "ఈ అడవిని కాపాడిన దాతలు" అని, కింద వాళ్ళ మూడు పేర్లు! పెంటమ్మ పేరే లేదు. సిగ్గుండాలి!

ఆడవాళ్ళు కొంగులు నడుముకి దోపి రాయిని పడదోశారు. అక్షరాలు పైకే ఉంచారు. ఆ గరుకు మీద చేపలు రుద్దడం మొదలెట్టారు.

ఇప్పటికీ ఆ పల్లెలో వేటకి వెళ్ళొస్తే పెంటమ్మ వాటా తీస్తారు. చెట్టు నరకని పని ఎవరు మొదలెట్టినా వాళ్ళకిస్తారు. తాకట్టు అడగరు. రెండుసార్లు పాడుచేసుకున్నా మూడోసారీ ఇస్తారు.

ఆ ముగ్గురి పేర్లంటారా? చేపలు రుద్దీ రుద్దీ ఎప్పుడో అరిగిపోయాయి. చెబుదామంటే నాకూ తెలియవు.