నెమలి హోటల్లో గంట

అనగనగా ఒక వెదురు అడవి. ఆ అడవిలో, వాగు మలుపు దగ్గర, నీలకంఠం అనే నెమలి కొత్తగా హోటల్ పెట్టింది.

ఇక చూడండర్రా సందడి! హోటల్ గుమ్మానికి ఒక ఇత్తడి గంట కట్టారు. భోజనం నచ్చినవాళ్లు బయటికి వస్తూ దాన్ని కొట్టాలి. ఇంక ఆ గంట పొద్దస్తమానం గణగణ మోగుతూనే ఉంది!

"అబ్బ! ఎంత బాగుంటుందో!" అనుకుంది గోరింట అనే ఉడుత. భోజనం ఖరీదు మాత్రం బుట్టెడు వేరుశనక్కాయలు. వానాకాలానికని అది దాచుకున్నవే రెండు బుట్టలు. అయినా ఆగలేదు. ఒక బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకటే పరుగు!

"రా తల్లీ, రా!" అంటూ నెమలి పురి విప్పి, పీట వేసింది.

ముందు చారు వచ్చింది. దొన్నె చుట్టూ పూలే పూలు. లోపల రెండు గుక్కలు. అదీ చల్లారిపోయింది.

"పోనీలే, వేపుడు వస్తుందిగా!" అనుకుంది గోరింట.

వేపుడు వచ్చింది. తామరాకంత పళ్లెం! మధ్యలో ఒకే ఒక్క పుట్టగొడుగు. నోట్లో పెడితే ఒట్టి ఉప్పు.

"పాయసం ఉందిగా!" అనుకుంది.

పాయసమూ వచ్చింది. మాడు వాసన.

"నీలకంఠంగారూ, ఆకలి తీరలేదండీ. కాస్త అన్నమైనా పెట్టించరూ?"

"అయ్యో! ఇలాంటి చోట కడుపు నిండా తింటారా ఎవరైనా? నలుగురూ నవ్వుతారు!" అంది నెమలి.

గోరింట తల దించుకుని బయటికి వచ్చింది. గుమ్మం ముందు బారెడు వరస. అందరి కళ్లూ దాని మీదే.

నిన్న తిని వెళ్లిన తొండ కోటయ్య పక్కనే నిలబడి, "ఏమే గోరింటా, కొట్టవేం? మేమంతా కొట్టాంగా! నీకు రుచి తెలియదా ఏం?" అన్నాడు.

గోరింట చెయ్యి గంట తాడు మీదికి వెళ్లింది. బుట్టెడు కాయలు పోయాయి. పైగా మోసపోయానని ఇంతమందిలో చెప్పుకోవాలా? నిజం చెప్పొద్దూ, నేనైనా కొట్టేసేదాన్నే!

అంతలో వరసలో అందరికంటే ముందున్న కుందేలు సాలమ్మ, "త్వరగా కొట్టవే తల్లీ, నేను లోపలికెళ్లాలి! నాకున్నది ఈ ఒక్క బుట్టే, పిల్లల కోసం దాచింది. ఆ గంట వింటుంటే ఉండబట్టలేకపోయాననుకో!" అంది.

గోరింట తాడు వదిలేసింది.

"వెళ్లకు వదినా! చారు చల్లారిపోయింది, వేపుడు ఒట్టి ఉప్పు, పాయసం మాడిపోయింది! నాకింకా ఆకలేస్తోంది!" అని అరిచింది.

కోటయ్య గొంతు సవరించుకున్నాడు.

"నా పాయసమూ మాడిందేనే."

"మరి గంటెందుకు కొట్టావు మామా?" అంది గోరింట.

"నాకంటే ముందు తిన్నవాళ్లు కొట్టారుగా!"

"మేమూ అందుకే!" అన్నారు ఇంకో నలుగురు. ఒకటే నవ్వులు! వరస చెదిరిపోయింది. నెమలి బయటికి ఉరికి, "ఒక్కరైనా కొట్టండర్రా!" అని మొత్తుకుంది. ఎవరూ కొట్టలేదు.

సాలమ్మ బుట్టను గుండెకు హత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

గోరింట బుట్ట మాత్రం తిరిగి రాలేదు. వానాకాలమంతా అది అరపొట్టతోనే గడిపింది. కానీ సాలమ్మ పిల్లలు నలుగురూ కడుపు నిండా తిని, తడి గడ్డిలో గంతులేస్తుంటే, కొమ్మ మీంచి చూసి తోక ఊపుకుంటూ తెగ నవ్వింది.

నీతి: మనం మోసపోయిన చోటికే ఇంకొకరు వెళ్తుంటే, మన పరువు చూసుకోకుండా వాళ్లను ఆపాలి.