పాటలోంచి జారిపోయిన రాజు

సముద్రాలకు అవతల, కాస్త ఎండ కాస్తే పండగ చేసుకునే ఒక చలి దీవి ఉంది. పూర్వం అక్కడ ఆంగ్లో-సాక్సన్ రాజులు ఏలే రోజుల్లో ఓక్ చెట్ల అడవి ఒకటుండేది. అందులో ఎలుగుబంటి తాత, జింకలు, కుందేళ్ళు, ఒక బుల్లి ముళ్ళపంది, ఒక భరతపిట్ట, ఇంత పొడవు కోరలున్న అడవిపంది కాపురముండేవి. మనుషులను చూసి నేర్చుకున్నాయో, మనుషులకే నేర్పాయో గానీ, వాటికీ రాజులుండేవారు.

రాజును పెద్దల సభ ఎన్నుకునేది. తోడేళ్ళు వస్తే, అడవి చుట్టూ ఉన్న ముళ్ళకంచెకున్న ఒకే ఒక్క సందులో రాజే ముందు నిలబడాలి. అది ఆచారం. అలా నిలబడ్డ రాజుల పేర్లన్నీ, ఏలిన ఏళ్ళతో సహా, భరతపిట్ట రోజూ తెల్లవారగానే వరసగా పాడేది.

ఒక ఏడాది అడవిపందిని రాజును చేశారు. కోరలు చూసి మోసపోయారు లెండి!

కిరీటం ఇలా పెట్టారో లేదో, "ఏమే పిట్టా, పాత రాజుల పేర్లు తగ్గించు. నా పేరు పెంచు" అన్నారు రాజుగారు.

"ఎంతసేపు పాడమంటారు ప్రభూ?"

"నా ఫలహారం అయ్యేదాకా!"

ఆ ఫలహారం అయితేగా! చలికాలానికని అందరూ దాచిన ఓక్ కాయలన్నీ అయిపోయాయి. పిట్ట గొంతు బొంగురుపోయింది. రోకలిలా ఉండే రాజుగారు రోలయ్యారు.

మంచు పడింది. తోడేళ్ళు వచ్చాయి.

కుందేలు పరుగున వచ్చి, "మహారాజా, సందులో నిలబడండి! నా పిల్లలు కంచె పక్కనే ఉన్నారు" అని ఏడ్చింది.

"నేను నిలబడనా?" అంది ముళ్ళపంది.

"పేరులో పంది ఉంటే చాలదోయ్, పొట్ట కూడా ఉండాలి! అయినా నా పేరు వింటే చాలు, తోడేళ్ళు తోక ముడుస్తాయి. పిట్టా, వెళ్ళి పాడు."

పిట్ట పాడింది. తోడేళ్ళు బుద్ధిగా కూర్చుని విన్నాయి.

"గొంతు బాగుందమ్మా. పాటయ్యాక భోజనమేనా?" అంది ముసలి తోడేలు.

ఆ మాట చెవిన పడగానే రాజుగారు వెనకనున్న ఏట్లోకి దభేలున దూకి, అవతలి ఒడ్డుకు ఉడాయించారు.

ముళ్ళపందిని ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళి సందులో బంతిలా ముడుచుకుంది. మొదటి తోడేలు మూతి పెట్టింది. "అమ్మోయ్!" రెండోది పంజా వేసింది. "బాబోయ్!" మూడోది తాపీగా చూద్దామని దాని మీదే కూర్చుంది. అది ఎక్కడ పట్టుకుని అరిచిందో నేను చెప్పను. మొత్తానికి తోడేళ్ళు మళ్ళీ అటు రాలేదు.

సభ ముళ్ళపందికి కిరీటం పెట్టింది.

"మరి పాటలో అడవిపంది ఏలిన ఏడాదిని ఏం చెయ్యాలి?" అడిగింది పిట్ట.

"సందులో నిలబడ్డవాడి ఏలుబడిలో కలిపెయ్" అన్నాడు ఎలుగుబంటి తాత.

మంచు కరిగాక ఒక తెల్లవారుజామున అడవిపంది ఏరు దాటి వచ్చి, పొద వెనక నక్కి చెవులు రిక్కించింది. పిట్ట పాటలో పాత రాజులందరూ వచ్చారు. ఆ వెంటనే ముళ్ళపంది వచ్చేసింది. పాట అయిపోయింది!

"నా పేరేదీ?" అని అడవిపంది పొద వెనక నుంచి గావుకేక పెట్టింది.

కుందేలు పిల్ల తల ఎత్తి, "ఎవరమ్మా ఆయన?" అంది.

"ఎవరో పొరుగూరాయన నాన్నా. పాపం, చిక్కిపోయి ఉన్నాడు. ఓక్ కాయ ఒకటి ఇచ్చి పంపు."

నీతి: ఆపదలో ఎదురు నిలిచినవాడి పేరే నాలుగు కాలాలు నిలుస్తుంది.