ఉల్క ఇనుము ఈటె

అనగనగా ఒక రాజ్యం. అది నేల మీద లేదు, ఒక ఆటలో ఉంది. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, తెర మీద వేలు పెట్టి, జనం అందులోకి వెళ్లి తిరుగుతుండేవారు. అక్కడ మనిషికి మూడు జన్మలు. మూడోది కూడా పోయిందా, ఏళ్ల తరబడి సంపాదించిన పేరు, బలం, బిరుదులు అన్నీ చెరిగిపోతాయి.

ఆ రాజ్యంలో చలమాచారి అనే కమ్మరి ఉండేవాడు. ఒకనాడు గవరమ్మ అనే వీరనారి అతని కొలిమికి వచ్చి, ఉల్క ఇనుప ముద్ద ఒకటి చేతిలో పెట్టింది.

"బాబాయ్, దీనికోసం రెండు జన్మలు పోగొట్టుకున్నాను. మిగిలింది ఒక్కటే. రేపు కోట వాకిట రాతి రాకాసితో పోరు. మంచి ఈటె చేసిపెట్టు."

"నిశ్చింతగా వెళ్లిరా తల్లీ" అన్నాడు చలమాచారి.

అక్కడి ఆయుధాలకు మూడు గుణాలు: పదును, తేలిక, గట్టితనం. ఒక్కోదానికి పదికి ఇన్ని అని అంకె పడుతుంది. పదును, తేలిక అందరికీ కనబడతాయి. గట్టితనం చేసినవాడి కంటికే కనబడుతుంది. ఉల్క ఇనుమును మూడుసార్లే కాల్చవచ్చు. నాలుగోసారి కొలిమిలో పెడితే బూడిదే.

మొదటిసారి కాల్చి, ఈటెగా సాగగొట్టి, నూనెలో పదేపదే ముంచాడు. మూడు గుణాలూ ఎనిమిదేసి పడ్డాయి!

బొగ్గుల బస్తా మీద ఒక ముంగిస కూర్చుని ఉంది. ఆ రాజ్యంలో జంతువులకూ మాటలొచ్చు.

"భేష్ మావా! ఎన్నిసార్లు ముంచావో గోడ మీద గీసుకో" అంది ముంగిస.

"ముప్పై ఏళ్ల చెయ్యి ఇది. దీనికి మతిమరుపా?" అని అందరితో అనే మాటే అని నవ్వాడు. ఆ నవ్వులోనే ఆశ పుట్టింది. పదును తొమ్మిదైతే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాడు. సొమ్ము తనది కాదన్న మాట తోచనే లేదు.

రెండోసారి కాల్చాడు. పదును తొమ్మిదైంది గానీ తేలిక ఆరుకు, గట్టితనం అయిదుకు జారాయి. మళ్లీ మొదటిలాగే చేద్దామనుకున్నాడు. అప్పుడు ముంచింది ఏడుసార్లా, తొమ్మిదిసార్లా? ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు.

మూడోసారి కాల్చాడు. పదును తొమ్మిది, తేలిక తొమ్మిది, గట్టితనం రెండు.

"ఇది ఈటె కాదు మావా, గాజుముక్క!" అంది ముంగిస.

తెల్లవారగానే గవరమ్మ వచ్చింది. ఈటె అందుకుని, "తొమ్మిది, తొమ్మిది! నీ చేతికి కంకణం తొడగాలి బాబాయ్" అంది. చలమాచారి నేల చూపులు చూశాడు. గట్టితనం ఎంతని ఆమె అడగలేదు. అడగనంత నమ్మకం మరి.

ఆమె వెళ్లిన దారినే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. మిగిలింది ఒక్క జన్మేనన్న ఆమె మాట గుర్తొచ్చింది. ఒక్కసారిగా పరుగందుకున్నాడు.

కోట వాకిట ఊరంతా ఉంది. అందరి ఎదుటా చేతులు జోడించాడు.

"ఆగు తల్లీ! దాని గట్టితనం రెండే, రెండు దెబ్బల సరుకు. మూడో దెబ్బకు విరుగుతుంది. బంగారం లాంటి ఈటెను నీకు చెప్పకుండా ఇంకా బాగుచేయబోయి నేనే చెడగొట్టాను. మొదట ఎలా చేశానో కూడా మరిచాను."

జనం గొల్లున నవ్వారు. "ముప్పై ఏళ్ల చెయ్యట! పోయి గరిటెలు చేసుకో!" అన్నారు. చలమాచారి చెవులు కాలిపోయాయి.

గవరమ్మ ముఖం ఎర్రబడింది. కానీ పోరుకు పిలుపు మోగింది.

"రెండంటే రెండేనా?" అని మాత్రం అడిగింది.

"రెండే తల్లీ."

రాకాసి రొమ్ము మీద మళ్లీ మళ్లీ పొడిచి పగలగొట్టాలని ఆమె మొదట అనుకుంది. ఇప్పుడు దగ్గరికే పోలేదు. చుట్టూ పరుగెత్తించి, పరుగెత్తించి అలిసేలా చేసింది. వాడు రొప్పుతూ వంగినప్పుడు మోకాలి సందున ఒక పోటు. కూలబడగానే కంట్లో ఇంకో పోటు. రాకాసి ముక్కలైపోయాడు.

ఆమె తిరిగి వచ్చినా చలమాచారి తలెత్తలేదు.

"నా కష్టమంతా కరిగించేశావు బాబాయ్. అది మరవడం నా వల్ల కాదు," అంది గవరమ్మ. "కానీ నువ్వు పరుగెత్తుకు రాకపోతే, మరవడానికి నేనే ఉండేదాన్ని కాదు."

అందుకే పెద్దలంటారు: లోపం చెప్పుకుంటే మన తల వంగుతుంది, దాచుకుంటే నమ్మినవారి తల తెగుతుంది.