సత్తిరాజు దించిన గీత

గోదావరి నడుమ గువ్వలలంకలో సత్తిరాజు అనే రైతు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, గొప్పలు చెప్పుకోకపోతే తిన్నది అరగని రకం. నోరు విప్పితే మాటల వరదే. తన తోటలో కాసినంత కొబ్బరికాయ జిల్లా మొత్తంలో లేదనేవాడు. తన గేదె పాలలో చెంబుడు నీళ్లు పోసినా చిక్కగానే ఉంటాయనేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వుకుని ఊరుకునేవారు. మాటలకేం, వాటితో ఎవరి కొంపా మునగదు కదా అనుకునేవారు.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. వరద తీసిన మర్నాడు ప్రతి ఇంటివాళ్లూ తమ గుమ్మం పక్క గోడ మీద, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అంత ఎత్తున కావిరంగుతో గీత గీసేవారు. మళ్లీ వరద వచ్చినప్పుడు పడవవాళ్లు ఆ గీతల్నే నమ్ముకునేవారు. గీత ఎత్తున ఉన్న ఇంటికి పడవ ముందు వెళ్లేది, కిందికి ఉన్న ఇంటికి తర్వాత వెళ్లేది. పిల్లనివ్వడానికి వచ్చేవాళ్లు కూడా పెళ్లికొడుకు కంటే ముందు ఆ గీతనే చూసేవారు.

సత్తిరాజు ఇంటి గీత రొమ్ము ఎత్తున ఉండేది. కొడుక్కి సంబంధాలు చూసే రోజుల్లో అది అతనికి నామోషీ అనిపించింది. భార్య పోయి చాలాకాలమైంది, ఇదేం పని అని అడిగే మనిషి ఇంట్లో లేదు. గోడకు సున్నం వేయిస్తూ పాత గీతను కప్పేసి, మోకాలి ఎత్తున తనే కొత్త గీత గీసుకున్నాడు. పాత గీత గీసిన నాటి వరద వచ్చి అప్పటికి పదహారేళ్లయింది. అప్పుడు ఎవరి అటక మీద వాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నారు గాని, పక్కింట్లో ఎంత లోతుందో చూసిందెవరు? ఎవరి గీత ఎక్కడుండేదో ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నదెవరు?

"మా ఇల్లు మెరక, బావగారూ. ఎంత వరదొచ్చినా మోకాలు తడిస్తే గొప్ప!" అన్నాడు సత్తిరాజు. కాబోయే వియ్యంకుడు వెంకటరత్నం గీత చూసి తృప్తిగా తలూపాడు. అలా దుర్గాభవాని ఆ ఇంటి కోడలైంది.

పెళ్లయిన మూడో ఏడు శ్రావణంలో గోదావరి పొంగింది. ఆ ఉదయమే గేదెకు తవుడు తేవడానికి గట్టు మీది ఊరికి వచ్చిన సత్తిరాజు అక్కడే చిక్కుబడిపోయాడు. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగంలో ఉన్నాడు. ఇంట్లో కోడలూ, తొమ్మిది నెలల మనవరాలూ మాత్రమే ఉన్నారు. కబురు తెలిసి వెంకటరత్నం ఆదరాబాదరా గట్టుకు వచ్చాడు.

అక్కడ ఉన్నది ఒక్కటే ఇంజను పడవ. దాన్ని నడిపే తాతారావు ఏ ఇల్లు ముందో, ఏ ఇల్లు వెనకో వరస చెప్పుకుంటున్నాడు.

"మీ ఇల్లు ఆఖర్నండి, సత్తిరాజుగారూ. గీత మోకాలి దగ్గరే కదండీ" అన్నాడు.

సత్తిరాజు నిజం చెప్పేయాలనుకున్నాడు. కానీ పక్కనే వియ్యంకుడు, చుట్టూ జనం. అలవాటు పడిన నోరు అలవాటైన మాటే అంది.

"కంగారేం లేదు, బావగారూ. మా ఇల్లు మెరక కదా!"

పడవ వెళ్లిపోయింది. సత్తిరాజు దాని వైపే చూస్తూ గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. 

పడవ తిరిగొచ్చాక అందులోంచి వరాలమ్మ అనే ముసలమ్మ దిగింది. చీర చెంగు పిండుకుంటూ సత్తిరాజు దగ్గరికి వచ్చింది.

"నీ కోడలు బంగారంరా, సత్తీ! మీ గుమ్మం ముందు పడవాపించి ఎక్కవే అన్నాను. 'మా గీత మోకాలి దాకానే కదా మామ్మా, ముందు పల్లపు ఇళ్లవాళ్లని తీసుకెళ్లండి' అంది. అప్పటికే నీళ్లు గీత దాకా వచ్చేశాయిరా" అంది.

సత్తిరాజుకు తల కొట్టేసినట్టయింది. తన గొప్ప నిలబెట్టుకోవడానికి తను నోరు మూసుకుంటే, తన అబద్ధాన్ని నమ్మి ఆ పిల్ల ఎదుటివాళ్లకు దారి ఇచ్చింది.

"తాతారావూ, ముందు మా ఇంటికి పోనీ! ఆ గీత అబద్ధం. నేనే దించాను" అని అరిచాడు.

 తాతారావు తిట్టలేదు. "అసలు లోతెంతండి?" అని మాత్రం అడిగాడు.

సత్తిరాజు తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు. వెంకటరత్నం ఆ చేతిని చూశాడు, తర్వాత అతని ముఖం చూశాడు. వెళ్లి పడవలో కూర్చున్నాడు. సత్తిరాజు కూడా ఎక్కబోతే తాతారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు ఆగండి. వాళ్లకి చోటు కావాలి" అని పడవ తోసేశాడు.

సత్తిరాజు చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దూరంగా జరిగారు. అతను తల ఎత్తకుండా ఒక్కడే నిలబడ్డాడు. ఆ కాసేపట్లో తన బతుకంతా చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి, ఒక్కొక్కదానికీ సిగ్గుపడ్డాడు.

పడవ వచ్చింది. భవాని మంచమెక్కి, పిల్లను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడి ఉండగా తీసుకొచ్చారు. పిల్ల క్షేమంగా ఉంది. మామగారిని చూడగానే భవానికి ఏడుపు ఆగలేదు.

"దూడ దక్కలేదండి, మామయ్యగారూ. నీళ్లు గీత దాటవనుకుని అరుగు మీదే కట్టేశాను. ఈసారి వరద బాగా పెద్దదండి" అంది.

ఆమెకు ఇంకా తెలియదు. పడవలో తండ్రి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు.

"వరద పెద్దది కాదమ్మా" అన్నాడు సత్తిరాజు. "అప్పుడెంత వచ్చిందో ఇప్పుడూ అంతే వచ్చింది. మీవాళ్ల ముందు గొప్పగా ఉండాలని నేనే గీత చెరిపి కిందికి గీశాను. నన్ను క్షమించు తల్లీ."

మనవరాలిని ఎత్తుకుందామని చేతులు చాచాడు. భవాని అతని వైపున్న భుజం మీంచి పిల్లను తీసి, అవతలి భుజాన వేసుకుంది. తిట్టినా ఇంతకంటే బాగుండేదని సత్తిరాజు ఏడ్చాడు.

నలుగురూ నమ్ముకున్న గుర్తును మన గొప్ప కోసం చెరపకూడదు. ఆ అబద్ధం అందరికంటే ముందు, మనల్ని నమ్మిన మనవాళ్లనే ముంచుతుంది.